మెట్లు లేని లైబ్రరీ

ఆ సోమవారం ఓస్ట్‌బీ ఆర్కిటెక్టుల ఆఫీసులో చిన్న ఉద్యోగి జోలీన్ స్టూకెల్ చేయవలసిన పనులు ఇవి. తివాచీ నమూనాలు కంపెనీకి తిప్పి పంపాలి. గురువారం పైకప్పు పొరల కంపెనీవాళ్లు తెచ్చే భోజనంలో ఎవరికి టర్కీ శాండ్‌విచ్ కావాలో, ఎవరికి గోధుమ పడదో కనుక్కోవాలి. పెద్ద ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగాలి. మెర్ల్ ఓస్ట్‌బీ విజిటింగ్ కార్డు మీద ఆయన పేరు తర్వాత వచ్చే డిగ్రీల అక్షరాలు అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. హార్లో లైబ్రరీకి మెట్లు ఎందుకు లేవో కౌంటీవాళ్లకు జవాబు రాయాలి. ఆఫీసు మొత్తానికి బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నతస్థాయి శిక్షణ ఎక్కడ దొరుకుతుందో వెతికిపెట్టాలి. అది త్వరగా అయిపోవాలి, తేలిగ్గా ఉండాలి, వీలైతే భోజనంతో సహా దొరకాలి.

భోజనం మాట వేళాకోళానికి రాసింది కాదు. లైసెన్సు నిలబడాలంటే ఆర్కిటెక్టులు ఏటా ఇన్ని గంటలు కొత్తగా ఏదో ఒకటి నేర్చుకోవాలి. తలుపుల కంపెనీవాడో రంగుల కంపెనీవాడో మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు పట్టుకొచ్చి, తింటున్నంతసేపూ తన సరుకు గొప్పతనం చెబితే, అది ఒక గంట చదువు కింద లెక్క. అమెరికా ఉత్తరాన డలూత్ నగరంలో సరస్సు వైపు చూస్తూ కొండవాలు మీద ఉన్న ఓస్ట్‌బీ ఆఫీసులో చదువంటే ఇన్నాళ్లుగా అదే. నమలకుండా ఏదైనా నేర్చుకోవచ్చనే సంగతి అక్కడ చాలామంది మరిచిపోయారు.

మెట్ల సంగతి ఇలా వచ్చింది. ఉత్తరాన ఇనుప గనుల మధ్య ఉన్న హార్లో ఊరికి ఆ ఆఫీసు రెండంతస్తుల లైబ్రరీ గీసింది. పూర్వం కౌంటీవాళ్లకు, అంటే జిల్లా అధికారులకు, కాగితం మీద బొమ్మలిస్తే సరిపోయేది. ఈమధ్య వాళ్లు కంప్యూటర్లో కట్టిన నమూనా భవనాన్నే అడుగుతున్నారు, దాన్ని ఇంకో ప్రోగ్రాం తనిఖీ చేస్తుంది. అది మనిషి కాదు కనుక దానికి మొహమాటం లేదు. ఆఫీసువాళ్లు ముచ్చటపడి పంపిన లైబ్రరీని చూసి అది ఇలా రాసింది: "ఈ భవనానికి రెండంతస్తులు. మెట్లు లేవు. మధ్యలో ఒక్కొక్కటి బెంచీ అంత వెడల్పున, ఒకదాని మీదొకటిగా ఇరవై రెండు చిన్న నేలలు ఉన్నాయి. వీటిలో ఎవరు ఉంటారు? నిప్పంటుకుంటే వాళ్లు బయటికి వచ్చే దారేది?"

మార్చి నెలాఖరులోగా సరైన నమూనా అందకపోతే ఆ స్థలాన్నీ నిధులనూ రోడ్ల విభాగానికి ఇచ్చేస్తామనీ, అక్కడ మంచు తోసే బళ్లకు షెడ్డు కడతామనీ కౌంటీ తేల్చి చెప్పింది.

ఆఫీసులో మిగతావాళ్లకు అది ఒక పని పోవడం. జోలీన్‌కు అది తన ఊరు. తండ్రి గనిలో లారీ నడిపాడు, తల్లి బడి వంటగదిలో పనిచేసింది, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఆ దారి పట్టించినది హార్లో లైబ్రరీయే. అది అగ్నిమాపక కేంద్రం కింద నేలమాళిగలో ఉండేది. ఎక్కడైనా పొయ్యి గొట్టం అంటుకుంటే చాలు, పైన సైరన్ మోగి కింద పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు జారిపడేవి. ఇప్పటికీ అక్కడే ఉంది, ఇప్పటికీ పడుతున్నాయి. కిటికీ ఉన్న గదిలో ఆ ఊరి పిల్లలు కూర్చుని చదువుకోవాలని జోలీన్ కోరిక. ఆ కోరికకూ బళ్ల షెడ్డుకూ మధ్య అడ్డంగా ఉన్నవి ఆ ఇరవై రెండు బెంచీలే.

"మెట్ల సంగతి విన్నావుగా?" అన్నాడు మెర్ల్ ఓస్ట్‌బీ, ఆమె బల్ల పక్కన కాఫీ కప్పుతో నిలబడి. ఆఫీసు ఆయనదే.

"విన్నాను. అసలు ఏమైందట?"

"ప్రెస్కాట్‌ని అడిగాను. ఆ తనిఖీ ప్రోగ్రాం వెనకబడి ఉందట. మనవాళ్లేమో ముందుకు వెళ్లిపోయారట. అంచేత మనకు ఇంకా పైస్థాయి శిక్షణ కావాలి. చదువుకున్న పిల్లవి, వెతికి పెట్టు."

"ఇక్కడ అందరూ చదువుకున్నవాళ్లే కదా, మెర్ల్."

"నువ్వు ఈమధ్య చదువుకున్నావు. నీకింకా గుర్తుండి ఉంటుంది."

జోలీన్‌కు గుర్తుంది. మెట్లు వేయడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో మెట్ల బొమ్మతోనే ఒక పరికరం ఉంది. అది వాడితే అవి మెట్లని కంప్యూటరుకు తెలుస్తుంది. చిన్న చిన్న నేల పలకలు పేర్చి మెట్ల ఆకారం తెస్తే మనిషి కన్ను మోసపోతుంది గానీ కంప్యూటరు మోసపోదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆమె ఈ మాట ప్రెస్కాట్ డన్‌తో అంది. అతను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పెద్ద. ఏటా లాస్ వేగాస్‌లో జరిగే సాఫ్ట్‌వేర్ సదస్సుకు వెళ్లి, మెడలో బిళ్లతో, కొత్త నీళ్ల సీసాతో తిరిగొస్తాడు.

"ఆ పరికరమా? అది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం," అన్నాడు ప్రెస్కాట్ జాలిగా.

ఆఫీసులో అందరూ అతని దగ్గరే నేర్చుకున్నారు. అందుకే ఆ భవనంలో మెట్లు పలకలు, పైకప్పు పడుకోబెట్టిన గోడ, కిటికీల్లో కొన్ని కేవలం గీతలు. పదహారు మంది కలిసి చేసిన దాన్ని పదహారు మందీ కలిసి విప్పి కట్టాలి. ఒక్కత్తి రహస్యంగా దిద్దేసే పని కాదు.

సరే, చెప్పిన పని చేయాలి కదా అని ఆమె ముందు ఒక ప్రశ్నపత్రం పంచింది: ఈ సాఫ్ట్‌వేర్‌లో మీది ప్రారంభ స్థాయా, మధ్య స్థాయా, ఉన్నత స్థాయా? అందరూ ఉన్నతమని గుర్తు పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇతరుల భుజాల మీంచి తప్ప ఎన్నడూ చూడని మెర్ల్ కూడా అదే పెట్టాడు. ప్రెస్కాట్ మాత్రం కింద నాలుగో గడి సొంతంగా గీసుకుని అందులో పెట్టాడు.

తర్వాత ఆమె వెతుకులాట మొదలుపెట్టింది. ఉన్నతస్థాయి వీడియో పాఠాల్లో ఒక నవ్వు ముఖం పెద్దమనిషి ఎడారిలో మెలికలు తిరిగిన ఆకాశహర్మ్యాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తూ "ఇదంతా మీకు తెలిసిందే" అంటున్నాడు. ఆ తెలిసినదేమిటో పాఠం చివరి వరకు చెప్పలేదు. ఇంటర్నెట్‌లో ఒక ప్రశ్నోత్తరాల వేదికలో, తన మెట్లను తనిఖీ ప్రోగ్రాం గుర్తించడం లేదని ఎవడో ఏనాడో మొరపెట్టుకున్నాడు. మొదటివాడు "అసలు నీకు మెట్లెందుకు?" అన్నాడు. రెండోవాడు అడిగేముందు వెతుక్కోమన్నాడు. మూడోవాడు రెండోవాడి మర్యాద గురించి మాట్లాడాడు. నాలుగోవాడు పాత రోజుల్లో తాను పడ్డ కష్టాలు చెప్పుకొచ్చాడు. చిట్టచివర అడిగినవాడే తిరిగొచ్చి "దొరికింది, థాంక్స్" అని రాసి, ఏం దొరికిందో చెప్పకుండా ఈ లోకం నుంచి మాయమైపోయాడు.

శిక్షణ అమ్మే ఒక సంస్థకు ఫోన్ చేసింది.

"మీ ఉన్నతస్థాయి కోర్సులో మెట్లు ఎక్కడొస్తాయండీ?"

"మెట్లు ప్రారంభ స్థాయిలో అయిపోతాయి మేడమ్. మీవాళ్లు ఉన్నతస్థాయి అన్నారు కదా?"

"అన్నారు."

"మరింకేం! వాళ్లకు వచ్చే ఉంటాయి."

ఇలా ఏ తలుపు తట్టినా అదే. ఉన్నతస్థాయి పాఠాలన్నీ ప్రారంభం వచ్చినవాళ్ల కోసం, ప్రారంభ పాఠాలన్నీ రాదని ఒప్పుకున్నవాళ్ల కోసం. రాకపోయినా ఒప్పుకోనివాళ్ల కోసం భూమ్మీద ఎవరూ ఏదీ తయారు చేయలేదు. నిజానికి జనం ఎక్కువగా ఉన్నది ఆ తరగతిలోనే.

చివరికి ఆమె కొండ మీది సాంకేతిక కాలేజీకి వెళ్లింది. అక్కడ మంగళవారం మధ్యాహ్నాలు ప్రారంభకులకు ఒక క్లాసు ఉంది. చెప్పేది లొరైన్ అహోలా. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. జేబులో చప్పరించే ఉప్పు లికొరైస్ బిళ్లలు, సాఫ్ట్‌వేర్ కొత్త రూపం మీద తరగని కోపం. ఓడల మరమ్మతు యార్డులో ఏళ్ల తరబడి నక్షాలు గీసి, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది.

"క్లాసా? వచ్చేవారం ఎత్తేస్తున్నారు," అంది లొరైన్. "చేరింది ఒక్కడు. ఓడల్లో వంట చేసి రిటైరయ్యాడు, సొంతానికి ఆవిరిస్నానాల సౌనా గది గీసుకుంటాడట. మిగతా ఊరంతా పండితులే."

"మా ఆఫీసువాళ్లు పదహారు మంది వస్తారు. కానీ..."

"కానీ?"

"ప్రారంభకులకని పేరుంటే ఒక్కరూ రారు."

లొరైన్ నోట్లో బిళ్ల అటునుంచి ఇటు మార్చింది. "ఏం పేరుంటే వస్తారు?"

జోలీన్ పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదు. చిన్నప్పుడు పుస్తకం ఆలస్యమైతే అడగకముందే జరిమానా తీసి బల్ల మీద పెట్టే పిల్ల. చెవులు ఎర్రబడుతుండగా చెప్పింది: "ఉన్నతస్థాయి నిపుణుల ప్రత్యేక శిక్షణ."

లొరైన్ గది దద్దరిల్లేలా నవ్వింది. "మరి నా వంటవాడు?"

"ఆయనా నిపుణుడే అనుకుందాం."

"విను పిల్లా. పాఠం నాది, అదే చెబుతాను, ఒక్క ముక్క మార్చను. పేరు మాత్రం నీది. ఎవరైనా అడిగితే నీ పేరే చెబుతాను."

"సరే."

"తిండి తేవద్దని చెప్పు నీవాళ్లకి. నా క్లాసులో ఎవడైనా నమిలితే అది నేనే."

ఆ పేరు చూడగానే మెర్ల్ సంతకం పెట్టేశాడు. భోజనం లేదని తెలిశాక కాస్త వాడిపోయాడు గానీ, అంత పైస్థాయి చదువు ఖాళీ కడుపుతోనే చెబుతారేమోనని సర్దుకున్నాడు.

మొదటి మంగళవారం అందరూ వచ్చి కూర్చున్నారు. వంటవాడు తన పక్కన కూర్చున్న నిపుణులను చూసి టోపీ తీశాడు.

"మెట్లు వేయడం ఎవరికి వచ్చు?" అంది లొరైన్.

అందరి చేతులూ లేచాయి. మెర్ల్ చెయ్యి అన్నిటికంటే పైకి లేచింది.

"అయితే వేయండి."

గదిలో చాలాసేపు మౌసుల చప్పుడు. లొరైన్ వెనక నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి ప్రెస్కాట్ దగ్గర ఆగింది.

"ఇదేంటి బాబూ?"

"మెట్లు."

"ఇవి అల్మారా అరలు."

"చూడ్డానికి మెట్లలాగే ఉన్నాయి కదా!"

"చూడ్డానికి నేనూ మీ అమ్మలాగే ఉంటాను. అలాగని నీ బట్టలు ఉతకను."

ఎవరో కిసుక్కున నవ్వి, తమ తెరమీద కూడా అవే అరలు ఉన్నాయని గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. లొరైన్ ముందుకెళ్లి మెట్ల బొమ్మ ఉన్న పరికరం నొక్కి చూపించింది. ప్రెస్కాట్ మెడ బిరుసెక్కింది.

"లొరైన్, ఆ పరికరం కొత్తవాళ్ల కోసం కదా. ఇది ఉన్నతస్థాయి క్లాసు."

లొరైన్ జోలీన్ వైపు చూసింది. ఇప్పుడు ఆవిడ నిజం చెబితే పదహారు మందీ కోట్లు తొడుక్కుని వెళ్లిపోతారు, హార్లోలో బళ్లకు షెడ్డు లేస్తుంది.

"నిజమే," అంది లొరైన్. "కొత్తవాళ్లు ఇది తెలియక వాడతారు. పైస్థాయికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి తెలిసి వాడతారు. తేడా అదే."

అందరూ ఆ మాట రాసుకున్నారు. మెర్ల్ కింద రెండు గీతలు కూడా గీశాడు.

క్లాసు అయ్యాక కార్ల దగ్గర ప్రెస్కాట్ అద్దం మీది మంచు గీకుతూ జోలీన్‌ను పిలిచాడు.

"ఇది ప్రారంభ క్లాసే కదూ?"

జోలీన్ తన కారు తాళాల కోసం సంచి వెతకసాగింది.

"చెప్పకపోయినా ఫరవాలేదులే. చాలాకాలం కిందట ఒకసారి ఆ మెట్ల పరికరం నొక్కితే కంప్యూటరు చచ్చి ఊరుకుంది. తెల్లారితే బొమ్మలివ్వాలి. పలకలు పేర్చి అయిందనిపించాను. అందరూ 'అబ్బో, ఎలా చేశావు' అన్నారు. ఆ రోజు నుంచీ నన్నే అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్లు వరసలో నిలబడ్డాక నాకు రాదని ఎలా చెప్పను?"

"నేనెవరికీ చెప్పను, ప్రెస్కాట్."

"చెప్పకు." అతను మళ్లీ గీకడంలో పడ్డాడు. కాసేపాగి, "వచ్చే మంగళవారం పైకప్పులట కదా? తొందరగా రా, నా పక్కన కూర్చో. నాకు పైకప్పు కూడా రాదు."

చలికాలమంతా ఆ క్లాసు సాగింది. గోడంటే రెండు గీతలు కాదనీ, దానికి పొరలుంటాయనీ నేర్చుకున్నారు. కిటికీ ఉండేది గోడలోనే గాని గోడ ముందు కాదని తెలుసుకున్నారు. నాలుగో పాఠానికి ఆఫీసులో ఎవరో నలుగురి ఎదుటా "ఇది నాకు రాదు" అన్నారు. ఏ పైకప్పూ కూలలేదు. ఆ మర్నాడు ఇంకొకరు అన్నారు. పదహారు మంది కలిసి హార్లో లైబ్రరీని పునాది నుంచి విప్పి మళ్లీ కట్టారు. సరస్సు మీద మంచు ఇంకా కరగకముందే కౌంటీకి పంపారు. తనిఖీ ప్రోగ్రాం ఈసారి ఒకే ముక్క రాసింది: అభ్యంతరం లేదు.

హార్లోలో లైబ్రరీ లేచింది. అక్కడ సైరన్ వినిపించదు. తెరిచిన రోజున మెర్ల్ అందరినీ పేరుపేరునా పొగిడాడు, ఎర్ర రిబ్బనును కూడా పొగిడాడు. జోలీన్ తల్లి వాల్‌నట్ పొటీట్సా రొట్టె చేసి తెచ్చి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎవరు లేవమన్నా లేవలేదు. లొరైన్‌కు కూడా ఆహ్వానం పంపమని జోలీన్ అంతకుముందే కౌంటీవాళ్లకు రెండుసార్లు గుర్తుచేసింది. జాబితా ముందే అచ్చయిపోయిందన్నారు.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ మెర్ల్‌కు ఉపన్యాసం ఇవ్వాలనిపించింది.

రాష్ట్ర ఆర్కిటెక్టుల సమావేశంలో ఆయన "మా ఆఫీసులో ఉన్నతస్థాయి అభ్యాస సంస్కృతి" అని గంటసేపు మాట్లాడాడు. "కొత్తవాళ్లు తెలియక వాడతారు, మేం తెలిసి వాడతాం" అన్నప్పుడు చప్పట్లు మోగాయి. ఆ మాట ఎవరిదో చెప్పడం మరిచిపోయాడు. విన్నవాళ్లందరూ ఆ ప్రత్యేక శిక్షణ తమకూ కావాలని కాలేజీ మీద పడ్డారు. కాలేజీ ఎంతో సంతోషించి ఆ కోర్సును అధికారికంగా ఉన్నతస్థాయిగా ప్రకటించింది. ప్రకటించాక నిబంధనలు తిరగేసింది. ఉన్నతస్థాయి కోర్సు చెప్పేవాళ్లకు ఉన్నతస్థాయి పట్టా ఉండాలి. లొరైన్‌కు లేదు. ఆ పట్టా పరీక్షకు కూర్చోవాలంటే ముందు ఉన్నతస్థాయి శిక్షణ పొంది ఉండాలి. ఆ ప్రాంతంలో అలాంటి శిక్షణ ఒక్కటే ఉంది. అది లొరైన్ క్లాసు.

అభ్యంతరం లేకపోతే అందులో విద్యార్థిగా చేరవచ్చని కాలేజీవాళ్లు ఆవిడకు మర్యాదగా సూచించారు. ఆవిడ ఏమన్నదో అచ్చు వేయదగినది కాదు.

ఆవిడ స్థానంలో బోలెడు పట్టాలున్న ఒక కుర్రాడిని పెట్టారు. అతను ఎడారిలో మెలికల హర్మ్యాన్ని తిప్పి చూపిస్తూ "ఇదంతా మీకు తెలిసిందే" అంటాడు. శాండ్‌విచ్‌లకు అనుమతి ఉంది. ప్రారంభకుల క్లాసు ఎత్తేశారు.

జోలీన్ సెలవు పెట్టి కాలేజీ డీన్ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అది ప్రారంభ క్లాసేనండీ. ఆ పేరు పెట్టింది నేను. తప్పు నాది. ఆవిడను తీసేయకండి."

డీన్ లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"మంచిపని చేశావు. చెప్పకమ్మా. ఈ క్లాసులో ఉన్నతస్థాయి అని పట్టాలు పుచ్చుకున్నవాళ్లంతా ఏమైపోవాలి?"

మెర్ల్‌కూ చెప్పింది. ఆయన ఆప్యాయంగా విని, బాగా అలిసిపోయినట్టున్నావు, రెండ్రోజులు విశ్రాంతి తీసుకో అన్నాడు. ప్రెస్కాట్ మాత్రం తనంతట తాను డీన్‌కు ఒక ఉత్తరం రాశాడు. తనకు మెట్లు నేర్పింది ఆవిడేనని, అంతకుముందు తనకు రావని రాసి, కింద పూర్తి పేరు పెట్టాడు. జవాబు రాలేదు.

జోలీన్ లొరైన్ ఇంటికి వెళ్లేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని బూట్లకు నూనె రాస్తోంది.

"నన్ను క్షమించండి, లొరైన్. నా అబద్ధం వల్లే..."

"నీ అబద్ధం వల్ల మీ ఊళ్లో లైబ్రరీ వచ్చింది. నా క్లాసు పోయింది. రెండూ నిజమే, ఒకదాంతో ఇంకొకటి చెరిపేయాలని చూడకు."

"నేనేం చేయను మరి?"

"కోపంగా ఉంది నాకు, తెలుస్తోందా? క్షమాపణ పట్టుకొచ్చావు, దాన్ని ఎక్కడ పెట్టుకోను? రేపు ఎవడైనా ఒకడు నిజంగా ఏమీ రానివాడు, రాదని చెప్పగలిగినవాడు, ఈ ఊళ్లో నేర్చుకుందామని బయల్దేరితే వాడికి తలుపు లేదు. అది చూడు. ఇక నా సంగతంటావా, నా పేరు చెప్పు. సందు దొరికిన చోటల్లా చెప్పు."

ఇప్పుడు జోలీన్ గురువారాలు మధ్యాహ్నం, ఆఫీసులో చిన్న గదిలో, ఎవరొచ్చినా మొదటి పాఠం చెబుతుంది. తలుపు మీద "ఏమీ రానివాళ్లకు" అని రాసి అంటించింది. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం ఒక నర్సు వచ్చింది, ఇంటి వెనక గది పొడిగించుకోవాలట. మూడో వారం నుంచి ప్రెస్కాట్ కూడా వచ్చి వెనక కూర్చుంటున్నాడు. ప్రతి వారం పాఠం మొదలుపెట్టే ముందు జోలీన్ ఒక పేరు చెబుతుంది. విన్నవాళ్లు ఎవరావిడ అని అడుగుతారు, అప్పుడు ఈ కథంతా చెబుతుంది.

ఇది చదువుతున్న మీరు డలూత్ వెళ్లినా వెళ్లకపోయినా, ఆ సాఫ్ట్‌వేర్ ముఖం చూసినా చూడకపోయినా, మీకు మొదటి పాఠం చెప్పినవాళ్ల పేరు ఏ పట్టా మీదా ఉండి ఉండదు. వాళ్లతో పాటు ఈవిడను కూడా గుర్తుంచుకోండి. పేరు లొరైన్ అహోలా.